గొట్టంలో ఏం పోతోంది?

కోనసీమలో కొబ్బరిమొక్క నాటకూడని నేల ఉంది. సారం లేని నేల కాదు, ఉప్పు పట్టిన నేలా కాదు. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. కూరపాదులు పెట్టుకోవచ్చు, వరి ఊడ్చుకోవచ్చు. చెట్టు మాత్రం నాటకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెరువు తీయకూడదు, పాక కూడా వేయకూడదు. రాజోలు, మామిడికుదురు చుట్టుపక్కల తోటల మధ్య నుంచి ఇలాంటి పట్టీలు సాగిపోతుంటాయి. అడుగున గ్యాస్ గొట్టం, పైన అక్కడక్కడా హెచ్చరిక రాసిన గుర్తురాళ్ళు.

నేను సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం వైనతేయకీ వశిష్ఠకీ మధ్యనున్న ఈ దీవిలోనే గడిచింది. కొన్ని ఊళ్ళలో గొట్టం ఏ సర్వే నంబరులో అడుగుపెట్టి ఏ గట్టు దాటిపోతుందో ఇప్పటికీ కాగితం చూడకుండా చెప్పగలను. అందులో ఏం పోతోందన్నది మాత్రం పొలాల కొలతలుండే ఏ ఎఫ్ఎంబీలోనూ ఉండదు, పంటల లెక్క రాసే అడంగల్‌లోనూ ఉండదు. ప్రమాదకరమైన సరుకుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేసేటప్పుడు అన్నిటికంటే ముందు తేలాల్సింది ఆ సంగతే. సరుకేమిటో ఉన్నదున్నట్టు చెప్పాలి, దారిలో ఉన్నవాళ్ళకి చెప్పాలి. మా దీవిలో ఆ మాట ఒకప్పుడు ఎలా నడిచిందో, తర్వాత ఎక్కడ తప్పిందో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

గ్యాస్ కంటే ముందు ఇక్కడికి వచ్చిన మండే సరుకు కిరసనాయిలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ వెంటనే గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 కమానులతో అక్విడక్టు కట్టి కాలువని ఇవతలి ఒడ్డుకి దాటించారు. పాత రికార్డుల్లో నగరం దీవి అని రాసింది ఈ భూమినే. అడుగున నదీపాయ, దాని మీద కాలువ, ఆ కాలువలో పడవలు. అక్విడక్టు పాతబడ్డాక పక్కన కొత్తది కట్టి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. వచ్చినవాళ్ళెవరికైనా కాదనకుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. నీళ్ళు తెచ్చే కట్టడానికి ఆ పేరు పెట్టడం కంటే సరైన పని ఇంకొకటి నాకు తోచదు.

రోడ్లు సరిగా లేని రోజుల్లో ధాన్యం, ఉప్పు, కలప, కొబ్బరి అన్నీ పడవల మీదే. కిరసనాయిలు కూడా అంతే. నాలుగు గ్యాలన్ల రేకుడబ్బాల్లో వచ్చేది, రెండేసి డబ్బాలు ఒక చెక్కపెట్టెలో. డబ్బా ఖాళీ అయ్యాక మూత కోసి, కర్ర అడ్డం వేసి నీళ్ళు తోడుకునేవాళ్ళు. అలాంటి డబ్బాలు నా చిన్నప్పుడు మా దొడ్లో కూడా ఉండేవి.

మా తాతగారు లాకుల దగ్గర లస్కరు. ఆయన చెప్పిన ఒక సంగతి నాకు బాగా గుర్తుంది. కిరసనాయిలు వేసుకొచ్చే పడవ లాకుకి చేరుతుంటే సరంగు దూరం నుంచే “నూనె పడవ! నూనె పడవ!” అని కేకపెట్టేవాడట. లాకులో ముందున్న పడవలవాళ్ళు ఆ కేక వినగానే వంట పొయ్యిలో నీళ్ళు పోసేవాళ్ళు, చుట్టలు కాలువలో పారేసేవాళ్ళు. సగం ఉడికిన అన్నం దించేసినా ఎవరూ కోప్పడేవారు కారట. తలుపులు మూసి నీటిమట్టం మారేదాకా పడవలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి, ఒకదాంట్లో నిప్పు పడితే అందరికీ చుట్టుకుంటుంది. అందుకని ఎవరూ ఆజ్ఞాపించకుండానే ఆ పద్ధతి నిలిచింది.

సర్కారు చట్టం కూడా ఆ మాటే చెప్పింది, తన భాషలో. 1899లో ఒక పెట్రోలియం చట్టం ఉండేది. దాన్ని తీసి 1934లో చేసిన చట్టమే మార్పులతో ఇవాళ్టికీ నడుస్తోంది. నూనెని ఎంత వేడి చేస్తే దాని ఆవిరి నిప్పు తగిలి భగ్గుమంటుందో ఆ అంకెని ఫ్లాష్ పాయింట్ అంటారు. అది 76 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువైతే ప్రమాదకర పెట్రోలియం అని 1934 నాటి చట్టం వేరుచేసింది. పెట్రోలు అందులో పడింది, కిరసనాయిలు పడలేదు. 1970 తర్వాత ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేశారు. 23 డిగ్రీల సెల్సియస్ లోపు ఏ, అక్కణ్ణించి 65 దాకా బీ, ఆపైన 93 దాకా సీ. తరగతిని బట్టే ఎంత నిల్వ చేయొచ్చు, దేనిలో తీసుకెళ్ళొచ్చు, లైసెన్సు ఎప్పుడు కావాలి అన్నవి తేలతాయి. అంటే చట్టం మొత్తం ఒక్కదాని మీద నిలబడి ఉంది. డబ్బా మీద రాసిందే డబ్బాలో ఉండాలి. కిరసనాయిలని రాసి లోపల పెట్రోలు పోస్తే మిగతా నియమాలన్నీ ఒక్కసారిగా అబద్ధమైపోతాయి.

రైలు మాకు ఎప్పుడూ దూరమే. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో వేసిన లైను పట్టాలని యుద్ధకాలంలో, 1940లో పీకేశారు. మళ్ళీ 2004లో వేశారు. గౌతమి దాటి అమలాపురం దాకా రైలు ఇంకా రాలేదు. అందుకే మాకు కాలువల తర్వాత నేరుగా లారీలూ ట్యాంకర్లూ వచ్చాయి. వాటితో పాటు నేలలో గొట్టాలు వచ్చాయి.

కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్జీసీ అన్వేషణ 1970ల చివర నరసాపురం, రాజోలు ప్రాంతాల్లో ఫలించింది. 1984లో గ్యాస్ గొట్టాలు నడిపే గెయిల్ ఏర్పడింది. కాకినాడలో నాగార్జున ఎరువుల కర్మాగారం 1992లో మొదలయ్యేసరికి మా దీవి గ్యాస్ దూరప్రాంతాలకి పోవడం అలవాటైంది. తాటిపాక దగ్గర గ్యాస్ కలెక్టింగ్ స్టేషన్, 2001లో మినీ రిఫైనరీ, అక్కణ్ణించి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి 18 అంగుళాల గొట్టం. బావులు మా తోటల్లో, కొలిమి మా గుమ్మంలో, కరెంటూ ఎరువూ తయారయ్యేది మరోచోట.

ఇలా గొట్టం వేయడానికి 1962లో పార్లమెంటు చేసిన చట్టం ఒకటుంది. దాని ప్రకారం భూమిని తీసుకోరు, భూమిని వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. గెజిట్‌లో ప్రకటన వేస్తారు. అభ్యంతరం ఉంటే 21 రోజుల్లో చెప్పుకోవాలి. ఆ హక్కుకి పరిహారం భూమి మార్కెట్ విలువలో నూటికి పది. కొట్టేసిన చెట్లకీ పోయిన పంటకీ వేరే లెక్క కడతారు.

ఈ నూటికి పది దగ్గర నా మనసు ఎప్పుడూ ఆగిపోతుంది. వరిచేలో గొట్టం పడితే రైతుకి ఒక పంట పోతుంది. మరుసటి సార్వాకి మట్టి సర్దుకుని మళ్ళీ ఊడ్చుకుంటాడు. చట్టం రాసినవాళ్ళ కళ్ళ ముందు బహుశా అలాంటి పొలాలే ఉండి ఉంటాయి. కొబ్బరితోట సంగతి వేరు. మా ప్రాంతపు పొడుగు రకం నాటిన ఆరేడేళ్ళకి కాపుకొస్తుంది, ఆపైన అరవయ్యేళ్ళ దాకా దింపు ఇస్తుంది. తాత నాటితే మనవడు దింపించుకుంటాడు. ఆ నేలలో ఇక చెట్టు నాటకూడదంటే తరాల ఆదాయం మీద గీత గీసినట్టే. వరిచేనుకీ కొబ్బరితోటకీ ఒకే నూటికి పది. పరిహారం లెక్కలు రాసే గదిలో కూర్చున్నప్పుడు ఈ మాట అన్న రైతులకి నా దగ్గర జవాబు ఉండేది కాదు.

అదే చట్టంలో మంచి మాటలూ ఉన్నాయి. ప్రకటన నాటికి జనం నివాసం ఉంటున్న స్థలం కింద గొట్టం వేయకూడదు. శాశ్వత కట్టడం ఉన్నచోట వేయకూడదు. ఇంటిని ఆనుకుని ఇంటి అవసరాలకి వాడుకునే స్థలంలోనూ వేయకూడదు. నేలమట్టానికి మీటరు లోతు తగ్గకూడదు. చదవడానికి స్పష్టంగానే ఉంది. కోనసీమకి వచ్చి గొలుసు పట్టుకుంటే తెలుస్తుంది అందులో ఉన్న కష్టం. రాయలసీమలోనో తెలంగాణలోనో ఊరు ఒకచోట, పొలం ఒకచోట. ఇక్కడ ఇల్లు తోటలోనే ఉంటుంది. వీధి గుమ్మం ముందు కొబ్బరిచెట్లే, పెరటి గుమ్మం వెనకా కొబ్బరిచెట్లే. దొడ్డి ఎక్కడ ఆగింది, తోట ఎక్కడ మొదలైంది? కాగితం అంతటినీ కలిపి తోట అంటుంది.

ఒక ఊళ్ళో కొలతకి వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. ఇదిగో పశువుల పాక, ఇదిగో బట్టలారేసే తీగ, ఇదిగో మా అత్తగారి నాటి రోలు. “ఇది పెరడు కాక మరేంటి బాబూ?” అంది. గొట్టం దారి నిర్ణయించడం సర్వేయరు చేతిలో ఉండదు. రోలుని కొలిచి స్కెచ్‌లో గుర్తు వేశాను, పక్కన రిమార్కుల్లో ‘ఇంటి వాడుక స్థలం’ అని రాశాను. అక్కడ గొట్టం కొంచెం పక్కకి జరిగింది. నా రాత వల్లే జరిగిందని చెప్పను, ఆవిడ నిలబడి అడగడం వల్ల జరిగింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. నిషేధం పట్టీ వరకే. పట్టీ దాటి అవతల ఇల్లు కట్టుకోవచ్చు, కొట్టు పెట్టుకోవచ్చు. గొట్టం వేసేనాటికి తోటలుగా ఉన్నచోట పదేళ్ళలో రోడ్డు వస్తుంది, రోడ్డు పక్కన కొట్లు వస్తాయి, కొట్ల వెనక ఇళ్ళు వస్తాయి. గొట్టాల ప్రమాణాల్లో జనసాంద్రతని బట్టి దారిని తరగతులుగా విడగొడతారు. ఇళ్ళు పెరిగేకొద్దీ గొట్టం గోడ మందంగా ఉండాలి, లేదా లోపలి ఒత్తిడి తగ్గించాలి. ఒక ఊరు ఎక్కడ అయిపోయి ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో తెలియని కోనసీమలో ఆ లెక్క ఏటేటా తిరిగి చూసుకోవాల్సిన లెక్క.

1995 జనవరి 8న, సంక్రాంతికి వారం ముందు, పాశర్లపూడి 19వ నంబరు బావిలో బ్లోఔట్ జరిగింది, గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మింది. మంట 65 రోజులు ఆరలేదు. మార్చి 15కి గానీ అదుపులోకి రాలేదు. రాత్రిళ్ళు మైళ్ళ దూరానికి ఆకాశం ఎర్రగా ఉండేది, ఆ హోరుకి నిద్రపట్టేది కాదు. ఇళ్ళు వదిలిపోయిన కుటుంబాలు పండగని బంధువుల ఇళ్ళలోనూ శిబిరాల్లోనూ గడిపాయి. దాని గురించి చాలామంది రాశారు, నేను ఎక్కువ చెప్పను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఆ తర్వాత మా జనానికి భయమంతా రిగ్గు మీదే ఉండిపోయింది. ఊళ్ళోకి రిగ్గు వస్తుందంటే వద్దని గోల. తోట కింద చప్పుడు లేకుండా పోయే గొట్టం గురించి ఎవరూ పెద్దగా అడగలేదు. బావి ఒక్కచోట ఉంటుంది, గొట్టం వంద ఊళ్ళ మీదుగా పోతుంది. అడగాల్సింది దాని గురించే.

2014 జూన్ 27, శుక్రవారం. కొత్త ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నెల కూడా కాలేదు. తెల్లవారుజామున, చాలామంది ఇంకా నిద్ర లేవకముందే, మామిడికుదురు మండలం నగరం గ్రామంలో ఆ 18 అంగుళాల గొట్టం పగిలింది. బయటికొచ్చిన వాయువు ఇళ్ళ మధ్య పరుచుకుంది. టీకొట్టులో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పట్లో చెప్పుకున్నారు. ఏ నిప్పురవ్వ అన్నది నాకు ముఖ్యం కాదు. తెల్లారి పొయ్యి వెలిగించడం ఎవరి తప్పూ కాదు, ప్రతి ఊళ్ళోనూ ప్రతి ఇంట్లోనూ జరిగే పని. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో పిల్లలున్నారు. ఇళ్ళు కాలిపోయాయి, కొబ్బరిచెట్లు మొవ్వుదాకా మాడి మోడులై నిలబడ్డాయి. చనిపోయినవాళ్ళ కుటుంబాలకి గెయిల్, రాష్ట్ర ప్రభుత్వం, ప్రధాని నిధి కలిపి 25 లక్షల చొప్పున ప్రకటించారు.

వాసన వస్తోందని ముందే చెప్పాం, పట్టించుకోలేదు అని ఊరివాళ్ళు విలేకరులతో అన్నారు. ఆ మాటలో లోతైన సంగతి ఉంది. శుద్ధి చేసిన సహజవాయువుకి వాసన ఉండదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం న్యూ లండన్‌లో 1937 మార్చి 18న ఒక బడి అడుగున వాసన లేని గ్యాస్ పేరుకుని పేలింది. దాదాపు 300 మంది, ఎక్కువమంది పిల్లలు, చనిపోయారు. ఆ తర్వాతే గ్యాస్‌లో మెర్కాప్టాన్ అనే ఘాటువాసన కలపాలన్న నియమం బలపడింది. మన వంటింటి సిలిండరు వాసన అదే. ఊళ్ళు దాటిపోయే పెద్ద గొట్టాల్లో సాధారణంగా ఆ వాసన కలపరు. మరి నగరంలో వాసన ఎక్కడిది? బావి నుంచి వచ్చే పచ్చి గ్యాస్‌తో పెట్రోలులాంటి బరువు ఆవిర్లు కలిసి ఉంటాయి. వాటికి తమదైన వాసన ఉంటుంది. ఏం పోతోందో కాగితాల్లో చూసుకోవాల్సినవాళ్ళకంటే ముందు ఊరివాళ్ళ ముక్కుకి తెలిసింది.

కేంద్ర పెట్రోలియం శాఖ సంయుక్త కార్యదర్శి నాయకత్వంలో వేసిన విచారణ సంఘం తేల్చింది కూడా అదే. ఆ గొట్టం ఎండు గ్యాస్ కోసం వేసింది. అందులో పంపింది తడి గ్యాస్. తేమ తీసే యూనిట్ అక్కడ ఉండాల్సింది, లేదు.

ఎండు, తడి అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, మొత్తం కథ ఇందులోనే ఉంది. బావి నుంచి పైకొచ్చే వాయువు ఒంటరిగా రాదు. నీటి ఆవిరి, కండెన్సేట్ అనే తేలికపాటి నూనె, బొగ్గుపులుసు వాయువు దాంతోపాటే వస్తాయి. కలెక్టింగ్ స్టేషన్‌లో ద్రవాలని వేరుచేస్తారు గానీ ఆవిరి రూపంలో ఉన్న నీరు వాయువులోనే ఉండిపోతుంది. దాన్ని తీయాలంటే గ్లైకాల్ అనే ద్రవంతో కలిపి తేమని పీల్పించాలి. అలా తీశాక మిగిలేది ఎండు గ్యాస్. తీయకుండా పంపితే గొట్టం నేల చల్లదనానికి తగిలిన కొద్దీ ఆవిరి నీరుగా మారి అడుక్కి దిగుతుంది. ఆ నీట్లో బొగ్గుపులుసు వాయువు కరిగి పలచటి ఆమ్లమవుతుంది. గోలీసోడా తాగితే నాలుకకి తగిలే పులుపు అదే. సోడా ఒక పూట ఉంటుంది, గొట్టం అడుగున ఆ నీరు ఏళ్ళ తరబడి ఉండి ఉక్కుని లోపలి నుంచి తింటుంది.

సర్వేయరుగా నాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. మా నేల పైకి చదునే గానీ ఫర్లాంగుకో బోదె, మైలుకో కాలువ, మధ్యలో మురుగు డ్రెయిన్లు. గొట్టం వాటి అడుగు నుంచి పోవాలంటే దిగి మళ్ళీ ఎక్కాలి. దిగిన ప్రతిచోటా నీరు నిలుస్తుంది. మెట్టప్రాంతంలో ఒక గొట్టానికి ఇలాంటి పల్లాలు కొన్నే ఉంటాయి, కోనసీమలో లెక్కలేనన్ని. అందుకే ఇక్కడ గొట్టంలో తేమ లేకుండా చూసుకోవడం మరెక్కడికంటే ముఖ్యం. లోపల చేరిన ద్రవాన్ని తోసెయ్యడానికి పిగ్ అనే పరికరాన్ని గ్యాస్ ఒత్తిడితోనే గొట్టం పొడవునా నడుపుతారు. గోడ మందం ఎంత తగ్గిందో కొలిచే పిగ్గులు కూడా ఉన్నాయి. గొట్టం బయటివైపు తుప్పు పట్టకుండా పూత వేస్తారు, సన్నటి కరెంటు పంపి కాపాడతారు. బయటికి ఎంత రక్షణ ఉన్నా లోపల పోయేది తప్పుడు సరుకైతే ఆ రక్షణ పనికిరాదు.

నియమాలు లేక ఇది జరగలేదు. పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి 2006 చట్టం కింద వచ్చింది. గొట్టాల సాంకేతిక, భద్రతా ప్రమాణాలని 2009లో, అత్యవసర స్పందన ప్రణాళికల నిబంధనలని 2010లో విడుదల చేసింది. చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ 1986 నుంచే ఉంది. 2011లో 1962 నాటి గొట్టాల చట్టాన్ని సవరించి శిక్షలు కఠినం చేశారు. ఎవరికి? గొట్టానికి కన్నం పెట్టేవాళ్ళకి, దొంగిలించేవాళ్ళకి, పాడుచేసేవాళ్ళకి. అది తప్పని నేననను, కన్నం పెట్టడం ప్రాణాలతో చెలగాటమే. కానీ ఆ సవరణ చూపు గొట్టం బయటే ఉండిపోయింది. మూడేళ్ళ తర్వాత నగరంలో బయటివాళ్ళెవరూ కన్నం పెట్టలేదు. ఉక్కుని తిన్నది లోపలిదే.

ఇది మన దేశానికే పట్టిన జబ్బు కాదు. 2010 సెప్టెంబరు 9 సాయంత్రం కాలిఫోర్నియాలో శాన్ బ్రూనో అనే ఊళ్ళో 1956 నాటి 30 అంగుళాల గ్యాస్ గొట్టం పేలి 8 మంది చనిపోయారు, 38 ఇళ్ళు పూర్తిగా ధ్వంసమయ్యాయి. గ్యాస్ ఆపడానికి 95 నిమిషాలు పట్టింది. అక్కడి విచారణలో బయటపడినదాన్ని సర్వేయరైన నేను మరిచిపోలేను. కంపెనీ రికార్డుల్లో ఆ ముక్క అతుకులేని గొట్టమని ఉంది. తవ్వి చూస్తే అతుకున్న గొట్టం, ఆ అతుకు కూడా సరిగా వేసింది కాదు. ఏళ్ళ తరబడి ఒత్తిడి ఎంత పెట్టవచ్చో లెక్కలు కట్టిందంతా లేని గొట్టానికి. కంపెనీ మీద 2015లో నియంత్రణ సంస్థ 160 కోట్ల డాలర్ల జరిమానా విధించింది, 2016లో కోర్టు దోషిగా తేల్చింది. శాన్ బ్రూనోలో కాగితం గొట్టం గురించి తప్పు చెప్పింది. నగరంలో గొట్టం ఒకదాని కోసం వేసి, అందులో ఇంకోటి పంపారు. ఎఫ్ఎంబీలో గట్టు ఒకచోట, నేల మీద ఇంకోచోట ఉంటే అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. ఇక్కడ ఆ తేడాకి మనుషులు కాలిపోయారు.

ఇప్పుడు రోడ్డు సంగతి చూడండి. మా 216 జాతీయ రహదారి మీద, తాటిపాక సెంటర్లో, రాజోలు బస్టాండు దగ్గర ఏ ట్యాంకరునైనా ఆగి గమనించండి. పక్కనా వెనకా ఒక పలక ఉంటుంది. అందులో సరుకు అసలు పేరు, ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నంబరు, ప్రమాదం బొమ్మ, ఏదైనా అయితే ఫోను చేయాల్సిన నంబరు, సరుకు పంపినవారి పేరు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. పెట్రోలుకి 1203, కిరసనాయిలుకి 1223, ఎల్పీజీకి 1075. ప్రపంచంలో ఏ రేవులోనైనా ఆ అంకెలకి అదే అర్థం. పలక మీద ఇంకో చిన్న సంకేతం ఉంటుంది, పెట్రోలుకి ‘త్రీ వై ఈ’ అని. మొదటి అంకె నురగతో ఆర్పాలని చెబుతుంది. చివర ‘ఈ’ ఉంటే జనాన్ని ఖాళీ చేయించే సంగతి ఆలోచించాలి. డ్రైవరుకి మూడు రోజుల ప్రత్యేక శిక్షణ ఉండాలి, లైసెన్సు మీద ఆ మేరకు రాయించుకోవాలి, సరుకు గురించిన సూచనల కాగితం క్యాబిన్‌లో అందుబాటులో ఉండాలి. సరుకు వివరాలు నిజంగా, పూర్తిగా ఇచ్చే బాధ్యత పంపినవాడిది. ప్రమాదం జరిగితే దగ్గరి పోలీస్ స్టేషనుకి వెంటనే చెప్పాలి.

ఇవన్నీ ప్రతి ట్యాంకరూ పాటిస్తోందని నేననను. పలకలు వెలిసిపోయి అంకె కనపడని ట్యాంకర్లని మా రోడ్ల మీద చూశాను. ఐనా అక్కడ అడగడానికి ఒక ఆధారం ఉంది. పన్నెండు వేల లీటర్ల ట్యాంకరు రోడ్డు మీద పదినిమిషాలు ఆగితే దానిమీద సరుకు పేరు రాసి ఉండాలి. రాత్రింబవళ్ళు అంతకు ఎన్నో రెట్లు మోసుకుపోయే గొట్టానికి మాత్రం తోటలో ఒక రాయి, రాయి మీద ‘గ్యాస్ పైప్‌లైన్’ అన్న రెండు మాటలు, అత్యవసర ఫోను నంబరు. ఏ గ్యాస్? ఎండుదా, తడిదా? ఒత్తిడి ఎంత? పిగ్ చివరిసారి ఎప్పుడు నడిపారు? లాకు దగ్గర కేకపెట్టిన సరంగు చదువుకున్నవాడు కాదు, అతనికి ఏ నిబంధనావళీ తెలియదు. తన పడవలో ఏముందో పక్కవాడికి తెలియాలన్నది మాత్రం తెలుసు.

భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో ఈ ఆలోచన ఉంది. పెద్ద ప్రమాదం జరిగే వీలున్న కర్మాగారం చుట్టూ ఉన్న జనానికి ప్రమాదం ఎలాంటిదో, జరిగితే ఏం చేయాలో ముందే చెప్పి తీరాలని అవి అంటాయి. గేటూ ప్రహరీ ఉన్న కర్మాగారానికి చుట్టుపక్కల అంటే ఎవరో తెలుస్తుంది. గొట్టానికి చుట్టుపక్కల అంటే దారి పొడవునా ఉన్న మేమంతా.

2019 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు వచ్చాయి, వాటిలో గ్రామ సర్వేయర్లు వచ్చారు. పొలాల రీసర్వే జరుగుతోంది, గొలుసుల బదులు డ్రోన్లూ రోవర్లూ వాడుతున్నారు. పాత గొట్టం దారి గురించి అడగడానికి ఒక సర్వేయరు కుర్రాడు ఈమధ్య మా ఇంటికి వచ్చాడు. అతనికి నా పాత నోట్‌బుక్కులు ఇచ్చి చెప్పింది ఇదే. పట్టీని ఎలాగూ మ్యాపులో ఎక్కిస్తావు. దానితోపాటు సచివాలయం నోటీసు బోర్డు మీద ఒక కాగితం ఉండేలా గొట్టం నడిపే సంస్థకి పంచాయతీ తీర్మానం ద్వారా రాయించు. అందులో నాలుగు వరుసలు చాలు. ఈ ఊరి కింద పోయేది ఏమిటి, తేమ తీసిందా లేదా. అనుమతించిన ఒత్తిడి ఎంత, ఇవాళ ఎంత. లోపల చివరిసారి శుభ్రం చేసిన తేదీ, గోడ మందం చివరిసారి కొలిచిన తేదీ. వాసన వస్తే ఎవరికి చెప్పాలి, చెప్పినట్టు రసీదు ఎవరిస్తారు.

నాలుగో వరుస చదివి అతను తలెత్తాడు. “రసీదు ఎందుకండీ?” అన్నాడు. నగరంలో ముందే చెప్పామన్న మనుషులున్నారు బాబూ, చెప్పినట్టు చూపించడానికి వాళ్ళ చేతిలో కాగితం లేకపోయింది అన్నాను. అతను ఆ వరుస కింద గీత గీసుకుని, తీర్మానం నమూనా ఎలా ఉండాలో అడిగి రాసుకున్నాడు.